శాంతినగర్ బటన్

శిరీన్ మనుషుల మాట తొందరగానే నమ్ముతుంది. స్క్రీన్ మీద కనబడేదాన్ని మాత్రం ఒక పట్టాన నమ్మదు. పదమూడేళ్లుగా ఆమె తింటున్న తిండి ఆ అపనమ్మకం పెట్టిందే.

కర్నూలులో ఏసుకుమార్ అనే ఆయన నడిపే చిన్న కంపెనీలో ఆమె పని. ఊళ్లకు మంచినీళ్లు తోలే పంపుహౌసులకు ఆ కంపెనీ కంప్యూటర్ స్క్రీన్లు అమర్చి ఇస్తుంది. స్క్రీన్ మీద బటన్ నొక్కితే ఎక్కడో రెండు మైళ్ల అవతల వాల్వు తెరుచుకోవాలి, మోటారు తిరగాలి. మనిషికి కనబడే బటన్లన్నీ ముందుండే ప్రోగ్రాములో ఉంటాయి. ఆ బటన్ల మాట విని పని చేయించే ప్రోగ్రాము వెనకాల ఉంటుంది. ఆ రెండూ సరిగ్గా మాట్లాడుకున్నన్నాళ్లు శిరీన్ ఎవరికీ గుర్తు రాదు. వాటి మధ్య మాట తెగిన రోజు అందరూ ఆమెకే ఫోన్ చేస్తారు.

ఈ పని ఆమెకు ఏ కాలేజీలోనూ నేర్పలేదు. కాలేజీలో నేర్పింది ప్రోగ్రాములు రాయడం. అవి చెడిపోతే ఎక్కడ చెడ్డాయో పట్టుకోవడం మాత్రం తండ్రి జిలాని బాషా దగ్గర అబ్బింది. ఆయనకు పాతబస్తీలో రేడియోలు బాగుచేసే అంగడి ఉండేది. మూగపోయిన రేడియో వస్తే ఆయన దాన్ని గబగబా విప్పి కనబడిన భాగమల్లా మార్చేవాడు కాదు. స్పీకరు దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క మెట్టే వెనక్కి నడిచేవాడు. ఇక్కడిదాకా శబ్దం ఉంది, ఇక్కడ లేదు, అయితే రోగం ఈ రెంటికీ నడుమనే ఉంది, అనేవాడు. పదేళ్ల శిరీన్ ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని అది వందలసార్లు చూసింది. అంగడి మూతపడి చాలా కాలమైంది. ఆమె మాత్రం ఇప్పటికీ అలాగే నడుస్తుంది, బటన్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి.

మనిషి పొట్టి, మాట గట్టి. భర్త అష్రఫ్ టైర్ల షాపు నడుపుతాడు. "మా ఇంట్లో ఫ్రిజ్ లైటు ఆరిందన్నా శిరీన్ తలుపు మూసి, సందులోంచి చూసి గానీ ఒప్పుకోదు" అని ఆయన నవ్వుతుంటాడు.

ఇక జరిగింది చెప్పాలి.

కోడుమూరు దాటాక గుట్టల మధ్య ఒక పంపుహౌసు ఉంది. అక్కడి నుంచి ఐదు ఊళ్లకు నీళ్లు పోతాయి. ఎర్రవంక, గుండ్లకొట్టాల, మల్లెపాడు, సూదిమెట్ల, అన్నిటికంటే ఎత్తున, పైపు చిట్టచివర శాంతినగర్. రోజూ పొద్దున ఐదింటికి వెనకాల ప్రోగ్రామే తన గడియారం చూసుకుని ఐదు వాల్వులనూ వరసగా తెరిచి మూస్తుంది. దానికి మనిషి అక్కర్లేదు. ఎండాకాలం వస్తే మాత్రం మధ్యాహ్నం రెండో విడత కూడా నీళ్లు వదలాలి. ఆ పని ఆపరేటరు చేతిమీద జరగాలి. ఏ ఊరికి ఎంతసేపు అన్నది చూసుకుని అతనే బటన్ నొక్కాలి.

ఆ ఆపరేటరు నాగన్న. సూదిమెట్ల మనిషి, యాభై రెండేళ్లు. స్క్రీన్లు రాకముందు వాల్వుల చక్రాలు చేత్తో తిప్పినవాడు. పంతొమ్మిదేళ్లుగా ఆ పంపుహౌసే అతని ఉద్యోగం. కంపెనీ స్క్రీన్ పెట్టినప్పుడు బటన్ల మీద ఇంగ్లీషులో లైన్ ఒకటి, లైన్ రెండు అని ఉండేది. మొన్న డిసెంబరులో శిరీన్ వేరే పని మీద వెళ్లినప్పుడు నాగన్న ఆమెను పట్టుకున్నాడు.

"అమ్మా, ఈ లైన్లు గీన్లు నాకి తలకెక్కవు. మూడంటే మల్లెపాడా, నాలుగంటే మల్లెపాడా అని దినమూ గోడ మీద చూసుకోవాల. ఊరి పేర్లు తెలుగులో రాసియ్యగూడదా?"

అడిగింది న్యాయమే. శిరీన్ ఆ వారమే ఐదు బటన్లకూ తెలుగులో ఊరి పేర్లు పెట్టింది. నాగన్న సంబరం అంతా ఇంతా కాదు. చిన్నపిల్లవాడు పలక చదివినట్టు ఐదు పేర్లూ బయటికి చదివి వినిపించాడు. చలికాలం గడిచిపోయింది. మార్చి వచ్చింది, ఎండలు ముదిరాయి.

మార్చి ఇరవై ఒకటిన నీటి పథకం చూసే ఏఈ బసవరాజు దగ్గర్నుంచి శిరీన్‌కు ఫోన్ వచ్చింది.

"శిరీనమ్మా, ఒకటో తేదీ నుంచి నిన్నటిదాకా పంపుహౌసు లాగ్ ప్రింటు కావాల. శాంతినగర్ బటన్ ఎన్నిసార్లు నొక్కినారో తెల్సాల. నాగన్నకి మెమో ఇచ్చినా. రేపు పైకి రిపోర్టు పోవాల."

"ఏమైంది సార్?"

"ఏముండాది! శాంతినగరోళ్లు పదైదు దినాల నుంచి మొత్తుకుంటాండారు. పొద్దున దానంతట అది ఇడిసే నీళ్లు వస్తాండాయి. మధ్యాన్నం నాగన్న ఇడవాల్సిన నీళ్లు రావు. మిషన్ ఇడిస్తే వచ్చి మనిషి ఇడిస్తే రాకపోతే ఏమనుకోవాల? వాళ్ల సూదిమెట్లకి మాత్రం బాగా పోతాండాయి మళ్లా."

లాగ్ అంటే వెనకాల ప్రోగ్రాము తనకు అందిన ప్రతి ఆజ్ఞనూ తేదీతో, గంటతో రాసిపెట్టుకునే చిట్టా. శిరీన్ ఆఫీసు నుంచే దాన్ని తెరిచి చూసింది. ఎర్రవంక, గుండ్లకొట్టాల పద్దెనిమిదేసి సార్లు, మల్లెపాడు పంతొమ్మిది, సూదిమెట్ల ఇరవై. శాంతినగర్ ఒక్కసారి కూడా లేదు.

కాగితం చూసిన ఎవరైనా నాగన్నదే తప్పంటారు. కానీ శిరీన్ ఆ సున్నా దగ్గరే ఆగిపోయింది. బద్ధకస్తుడైనా ఇరవై రోజుల్లో రెండుసార్లయినా నొక్కుతాడు. కావాలని ఎగ్గొట్టేవాడైతే మరీ జాగ్రత్తపడి, పైవాళ్లు అడిగితే చూపించడానికైనా నాలుగుసార్లు నొక్కి ఉంచుతాడు. ఇరవై రోజులూ సున్నా పెట్టడం మనిషి పని కాదు. అంత నిక్కచ్చిగా తప్పు చేసేది యంత్రమే.

ఏసుకుమార్‌కు ఇవేవీ పట్టలేదు. "ఆయన అడిగింది కాగితం. పంపితే మన పని అయిపాయె. నాగన్న నొక్కినాడా నిద్రపోయినాడా మనకెందుకు తల్లీ?"

"ఒకటో రెండో ఉండింటే పంపేదాన్ని సార్. సున్నా ఉండాది. నేను ఒకసారి పోయొస్తా."

"బస్సు ఖర్చు దండగ."

"పొద్దున బస్సుకే పోతా" అంది శిరీన్. అడిగినట్టు కాదు, చెప్పినట్టే అంది.

మర్నాడు తొమ్మిదిన్నరకు ఆమె పంపుహౌసు చేరేసరికి నాగన్న గోడ నీడన గొంతుక్కూర్చుని ఉన్నాడు. మెమో కాగితం నాలుగు మడతలు పడి చొక్కా జేబులోంచి కనబడుతోంది.

"రామ్మా. నన్ను ఇంటికి పంపియ్యను వచ్చినావా?"

"చూసిపోదామని వచ్చినా నాగన్నా."

"చూడు. అందరూ చూసిపోయినోళ్లే." అతను లేచి లోపలికి దారి తీశాడు. "దినమూ పదకొండున్నరకి నొక్కినా. పచ్చగ అయ్యేది. పచ్చగ అయితే వాల్వు తెరుచుకున్నట్టే అని మీరే గదమ్మా చెప్పిండేది. నీళ్లు రాలేదని వాళ్లు ఫోన్ చేస్తే ఇంగోసారి నొక్కినా. అప్పుడూ పచ్చగనే ఉండె. మీ కంపెనీకి ఫోన్ చేస్తే, పచ్చగ ఉంటే అంతా బాగున్నట్టే పో అనిరి."

"వాల్వు దగ్గరికి పోయి చూసినావా?"

వాల్వులు పంపుహౌసులో లేవు. అక్కడికి రెండు కిలోమీటర్ల దూరంలో, గుట్ట కింద సిమెంటు గుంతలో ఉన్నాయి.

"రెండు తూర్లు బండేసుకుని పోయినా. మూసే ఉండాది. చేత్తో తిప్పినా, తెరుచుకునింది. అది చూసిన శాంతినగరోళ్లు ఏమన్యారో తెల్సునా? చూడు, మనం అరిస్తే గానీ ఇడవడు అన్యారు." అతను గడప వైపు చెయ్యి చూపించాడు. "ఈరక్క అని ఆడ ఒకామె ఉండాదమ్మా. నలుగుర్ని ఎంటబెట్టుకోని ఈడికే వచ్చి, ఈ గడపలో నిలబడి నన్ను నీళ్ల దొంగ అనింది. పంతొమ్మిదేండ్లలో నన్ను ఎవురూ ఆ మాట అనలేదు."

గోడ మీద క్యాలెండరు వేలాడుతోంది. మార్చి నెల గళ్లలో ఐదో తేదీ నుంచి ప్రతి దాంట్లోనూ పెన్సిలుతో చిన్న గీతలు. కొన్నింట్లో ఒకటి, కొన్నింట్లో రెండు, పదిహేడో తేదీన నాలుగు.

"ఇవేంది నాగన్నా?"

"శాంతినగర్ నొక్కినప్పుడల్లా గీసుకున్నా. నా మాట నమ్మరని తెల్సినంక గీయబట్టినా. ఏఈ సారుకి చూపిస్తే, గీతలు ఎవురైనా గీస్తారు అనె."

శిరీన్ ఆ గీతలను లెక్కపెట్టలేదు, నాగన్నను ఓదార్చనూ లేదు. బ్యాగులోంచి లాగ్ ప్రింటు తీసి బల్ల మీద పరిచింది. అప్పుడే బయట మోటారుసైకిల్ ఆగిన చప్పుడైంది. బసవరాజు లోపలికొచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, చెడ్డవాడు కాదు. కానీ ఎనిమిది పథకాలు ఒక్క నెత్తిన మోసేవాడికి ఉండే తొందర ఉంది.

"ఇది పంపిస్తే సరిపోయేది గదమ్మా. ఇంత దూరం ఎందుకు?"

"ఒక మాట అడుగుతా సార్. ఈ బటన్లు మీరెప్పుడన్నా మీ చేత్తో నొక్కినారా?"

"నొక్కి చూడకుండా మెమో ఇస్తానా? పన్నెండో తేదీ వచ్చినా. శాంతినగరోళ్లను నలుగుర్ని ఈడ నిలబెట్టి, వాళ్ల కండ్ల ముందరే ఐదూ వరసగా నొక్కినా. ఐదూ పచ్చగ అయినాయి. మిషన్ బాగుండాది, తేడా మనిషిలోనే అని వాళ్లకి అప్పుడే చెప్పి, మళ్లా అన్నీ ఆపేసినా."

"ఎన్ని గంటలకి?"

"పదకొండు దాటింటాది."

శిరీన్ పన్నెండో తేదీ దగ్గర వేలు పెట్టింది. పదకొండూ ఎనిమిదికి ఎర్రవంక, గుండ్లకొట్టాల. పదకొండూ తొమ్మిదికి మల్లెపాడు, సూదిమెట్ల. వాటిని ఆపేసిన వరసలు దాటితే, మళ్లీ తెరవమన్నది మధ్యాహ్నం మూడింటికే.

"మీరు నొక్కిన శాంతినగర్ కూడా ఇందులో లేదు సార్."

బసవరాజు కాగితం చేతిలోకి తీసుకున్నాడు. ఒకసారి చదివాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు.

"నేను నొక్కినానమ్మా" అన్నాడు చివరికి, నాగన్న గొంతులో పలికిన అదే మాట తన నోటివెంట వస్తోందని తెలిసి కొంచెం తగ్గి. "నలుగురు చూసినారు."

"నాగన్న కూడా నొక్కినాడు సార్. చూసినోళ్లు లేరు, అంతే తేడా."

నాగన్న తల తిప్పుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

నొక్కిన సంగతి తేలింది. నొక్కినది ఎక్కడ పోయిందో తేలాలి. శిరీన్ లాప్‌టాప్ తెరిచి పంపుహౌసు కంప్యూటరుకు తగిలించింది. బటన్ దగ్గర మొదలుపెట్టింది. ముందు ప్రోగ్రాము మాట పంపుతోందా? పంపుతోంది. దారిలో తెగుతోందా? తెగితే మిగతా నాలుగు ఊళ్లూ తెగాలి, తెగడం లేదు. అయితే వెనకాల ప్రోగ్రాముకు అందుతోందా? లాగ్ లేదంటోంది. కానీ లాగ్ రాసేది ఎప్పుడు? ఆ ప్రోగ్రాము ఆజ్ఞను గుర్తుపట్టిన తర్వాతే రాస్తుంది. గుర్తుపట్టనిదాన్ని ఏం చేస్తుందో ఎవరూ అడగలేదు.

ఆమె నాలుగు వరసల కోడు మార్చింది. నీ చెవిన పడిన ప్రతి మాటనూ, అర్థమైనా కాకపోయినా, ముందు విన్నది విన్నట్టు రాయి అని దానికి చెప్పింది.

"సూదిమెట్ల నొక్కు నాగన్నా."

నొక్కాడు. లాప్‌టాప్ మీద వరస పడింది. మాట వచ్చింది, పేరు దొరికింది, వాల్వుకు ఆజ్ఞ పోయింది, వాల్వు తెరుచుకుంది.

"ఆపేయి. ఇప్పుడు శాంతినగర్."

నాగన్న వేలు బటన్ మీద ఆనింది. బటన్ టక్కున పచ్చబడింది. లాప్‌టాప్ మీద కూడా వరస పడింది. మాట వచ్చింది, శాంతినగర్. దాని కిందనే, ఇటువంటి పేరు లేదు, వదిలేశాను.

"వినబడతాంది సార్!" శిరీన్ కుర్చీ అంచుకు వచ్చింది. "వినబడతాంది గానీ ఎవురో తెలీదంటాంది."

"ఎవురో తెలీకపోవడమేంది? జాబితాలో పేరు లేదా?"

జాబితా తెరిచింది. ఐదు పేర్లూ ఉన్నాయి. బటన్ నుంచి వచ్చిన పేరును, జాబితాలోని పేరును ఒకదాని కింద ఒకటి పెద్దగా చేసి పెట్టింది. ముగ్గురూ వంగి చూశారు.

"రెండూ ఒకటే గదమ్మా" అన్నాడు నాగన్న. "శాం, తి, న, గ, ర్. అయిదచ్చరాలు. ఈడా అయిదే, ఆడా అయిదే."

శిరీన్ కళ్లు కూడా ఒకటే అంటున్నాయి. ఆమె కళ్లను నమ్మడం మానేసి లెక్క అడిగింది. కంప్యూటరు గుణింతాన్ని, సున్నాను, పొల్లును కూడా విడివిడిగా లెక్కపెడుతుంది. జాబితాలోని శాంతినగర్‌కు తొమ్మిది అంది. బటన్ మీది శాంతినగర్‌కు పది అంది.

ఆ పదోది చిట్టచివర, పొల్లు పక్కన ఉంది. కంటికి కనబడదు. కాగితం మీద అచ్చు వేసినా కనబడదు. తెలుగు టైపు చేసే కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత అటువంటి గుర్తు ఒకటి తగిలిస్తాయి, తర్వాత వచ్చే అక్షరంతో పొల్లు అతుక్కుపోయి ఒత్తుగా మారకుండా. కొన్ని కీబోర్డులు తగిలించవు. మిగతా నాలుగు ఊళ్లూ అచ్చుతో ముగిసే పేర్లు, వాటికి ఆ బెడద లేదు. పొల్లుతో ముగిసేది శాంతినగర్ ఒక్కటే.

శిరీన్ కుర్చీలో వెనక్కి వాలింది. డిసెంబరులో బటన్ల మీది పేర్లు ఆఫీసు లాప్‌టాప్‌లో టైపు చేసింది ఆమే. వెనకాల జాబితాలోని పేర్లు ఇంట్లో ఇంకో మిషన్ మీద టైపు చేసిందీ ఆమే. ఇంకో సంగతి కూడా గుర్తొచ్చింది. బటన్ నొక్కగానే, వాల్వు జవాబు కోసం ఆగకుండా, ముందే పచ్చబడిపోవడం ఆ స్క్రీన్‌కు మొదటి నుంచీ ఉన్న దురలవాటు. ఆమెకది తెలుసు, తీరిక దొరికినప్పుడు మార్చాలని వాయిదా వేస్తూ వచ్చింది. డిసెంబరులో పేర్లు పెట్టిన రోజు నాలుగు బటన్ల సంగతి వాల్వుల దాకా పోయి సరిచూసింది. ఐదోది నొక్కింది, పచ్చబడింది, నాలుగున్నర బస్సుకు వేళైంది, లేచిపోయింది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది ఆమె పని.

ఆమె బయటికి వెళ్లి ఏసుకుమార్‌కు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. అవతల ఆయన గొంతు తగ్గించాడు.

"సిగ్నల్ ప్రాబ్లం అని చెప్పు తల్లీ. సరిచేసేసి వచ్చేయి. జూన్‌లో కాంట్రాక్టు రెన్యువల్ ఉండాది, తెల్సు గదా?"

"సిగ్నల్ అంటే అది మళ్లా నాగన్న మీదికే వస్తాది సార్. సిగ్నల్ లేనప్పుడు నువ్వు చూసుకోవాల్సింది గదప్పా అంటారు. తప్పు నాది. నా పేరే చెప్తా."

"నీ పేరు చెప్తే కంపెనీ పేరు చెప్పినట్టే."

"చెప్పకపోతే ఇంగ మన స్క్రీన్‌ను ఎవురూ నమ్మరు సార్. చెప్తే, వీళ్లు తప్పు దాచరు అని ఒక్క మాటన్నా మిగుల్తాది." ఏసుకుమార్ ఇంకేదో అనబోతుంటే, "సాయంత్రం వచ్చి మాట్లాడతా సార్" అని పెట్టేసింది.

లోపలికి వచ్చి బసవరాజు ఎదురుగా నిలబడి చెప్పింది. "పేరు తప్పు టైపు చేసింది నేను సార్. పోయేముందు సరిగా చూడనిది కూడా నేనే. రిపోర్టులో అట్లనే రాయండి. నాగన్న పని చేసినాడు, నా ప్రోగ్రాము చేయలేదు."

బసవరాజు ఆమెను ఎగాదిగా చూశాడు. "ఇంతకాలం ఉద్యోగంలో ఉండా. తప్పు నాదని కాంట్రాక్టరు తట్టు మనిషి చెప్పడం ఇదే చూస్తాండా" అన్నాడు. ఆ తర్వాత అడిగాడు. "ఎంతసేపట్లో చేస్తావు?"

"రెండు గంటలు. మీరు వాల్వు గుంత దగ్గరికి పోయి నిలబడాల. ఈసారి స్క్రీన్ చెప్తే నేను నమ్మను."

పేరును సరిచేసి ఊరుకోలేదు శిరీన్. పేరుతో పిలిచే పద్ధతే తీసేసింది. ఇక బటన్ మీద తెలుగు పేరు మనిషి చదువుకోవడానికే. వెనక్కి పోయేది వాల్వు నంబరు. గుర్తుపట్టని మాట ఏదొచ్చినా నోరుమూసుకుని పారేయకుండా స్క్రీన్ మీద ఎర్రగా కేకేయాలి. బటన్ నొక్కగానే పసుపుపచ్చగా మారాలి, వాల్వు తానే తెరుచుకున్నానని జవాబు పంపాకే పచ్చబడాలి. నాగన్న ఆమె వెనకాల నిలబడి అంతా చూశాడు.

"ముందరోడు చెప్పినాడు, ఎనకోడు వినుకోలేదు. ముందరోడేమో నేను చెప్పేసినా గదా అని పచ్చజెండా ఊపినాడు. అంతేనా అమ్మా?"

"అంతే నాగన్నా. నేను ఇంత బాగా చెప్పలేను."

పన్నెండున్నరకు బసవరాజు గుంత దగ్గర్నుంచి ఫోన్ చేశాడు. నాగన్న బటన్ నొక్కాడు. అది పసుపుపచ్చగా మారి అలాగే నిలబడింది. ఐదు సెకన్లు, ఎనిమిది, పది. ఫోన్లోంచి బసవరాజు గొంతు వినబడింది, "తిరుగుతాంది... తిరుగుతాంది... తెరుచుకునింది!" ఆ మాట పూర్తవుతుండగా బటన్ పచ్చబడింది.

బసవరాజు తిరిగొచ్చి మెమో కాగితం ఇమ్మని చెయ్యి చాపాడు. నాగన్న ఇచ్చాడు గానీ అక్కణ్ణుంచి కదల్లేదు.

"సార్, కాయితంలో కొట్టేస్తే సాలదు. నన్ను దొంగ అనింది కాయితంలో గాదు. ఆడికొచ్చి నోటితో చెప్పాల."

"నేను చెప్తాలేప్పా, నిదానంగా."

"ఇప్పుడే పోదాం" అంది శిరీన్ లాప్‌టాప్ మూస్తూ. "చెప్పాల్సింది నేను."

శాంతినగర్ నలభై ఇళ్ల కాలనీ. రాతి నేల మీద కట్టిన ఇళ్లు. ముగ్గురూ అక్కడికి చేరేసరికి కొళాయిల్లో నీళ్లు పడుతున్నాయి. బిందెల చుట్టూ ఆడవాళ్లు గుమిగూడి ఉన్నారు. నాగన్నను చూడగానే మాటలు ఆగిపోయాయి. ఒక బక్కపలచని మనిషి నడుముకు కొంగు దోపుకుని ముందుకొచ్చింది. నాగన్న చెప్పకుండానే ఆమే ఈరక్క అని శిరీన్‌కు తెలిసిపోయింది.

"ఈ పొద్దు ఏఈ సారు పక్కన ఉండాడని ఇడిసినావా?" అంది నాగన్నతో.

"అక్కా, నేను చెప్తా, విను" అని శిరీన్ ముందుకు జరిగింది. ఆమెకు అలవాటైన మాటలు ఇక్కడ పనికిరావు. హోటల్లో సప్లయరు వంటింట్లోకి దోసె అని కేకేసి వచ్చి, దోసె వస్తాంది అని కూర్చున్నవాళ్లకు చెప్పేసినట్టు జరిగిందని చెప్పింది. వంటమనిషికి ఆ కేక అర్థం కాలేదు, మళ్లీ అడగనూ లేదు. నాగన్న రోజూ అడిగాడు, సప్లయరు రోజూ వస్తాంది అన్నాడు. "ఆ సప్లయరికి మీ ఊరి పేరు తప్పు నేర్పించింది నేను. పేరు చివర కంటికి కనబడని అచ్చరం ఒకటి పడింది. ఏఈ సారు నొక్కినా రాలేదు. నాగన్న తప్పు ఇందులో పిసరంత లేదు."

ఈరక్క ఆమె మొహంలోకి సూటిగా చూసింది. "కనబడని అచ్చరమా? ఈ రాళ్లలో మేముండేదే ఎవురికీ కనబడదు. ఇప్పుడు మా పేర్లో అచ్చరం కూడా కనబడకపాయెనా!" వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. ఈరక్క నవ్వలేదు. "అంటే తప్పు రాసింది నువ్వు, తిట్లు తినింది ఈయప్ప."

"అవునక్కా."

"వచ్చి చెప్పినావు. బాగుండాది." నాగన్న వైపు తిరిగింది. "నాగన్నా, నలుగుర్లో అన్నా ఆ మాట. నలుగుర్లోనే ఎనక్కి తీసుకుంటాండా."

నాగన్న తల ఊపాడు. బిందె పొర్లిపోతుంటే వంగి పక్కకు జరిపాడు. ఎవరూ అడగకుండానే రెండో బిందె కొళాయి కింద పెట్టాడు.

శిరీన్ బయల్దేరబోతుంటే ఈరక్క ఆపింది. "ఆ పచ్చది మీకు కనబడతాది. నాకెట్ల తెల్సాల? నాకి కూడా తెల్సేటట్టు చేయి. అప్పుడు ఎవుర్ని తిట్టాల్నో సరిగ్గా తిడతా."

ఆ మాట శిరీన్‌కు నచ్చింది. వాల్వు తెరుచుకున్న మరుక్షణం ఈరక్క ఫోన్‌కు ఒక మెసేజ్ పోయేట్టు ఆ వారంలోనే చేసింది. అరగంటలో నీళ్లు రాకపోతే ఈరక్క ఎవరికి ఫోన్ చేయాలో ఆ మెసేజ్‌లోనే ఉంటుంది, శిరీన్ నంబరు. మిగతా నాలుగు ఊళ్లవాళ్లు కూడా తమకూ కావాలన్నారు. బసవరాజు తన ఎనిమిది పథకాలకూ అదే అడిగాడు. శిరీన్ ఎనిమిదీ తిరిగి ప్రతి బటన్‌ను వాల్వు దాకా పోయి సరిచూసింది. రెండు చోట్ల ఇటువంటివే, ఇంకా ఎవరి మీదా నింద పడని తప్పులు దొరికాయి. ఏసుకుమార్ నెల రోజులు ముభావంగా ఉన్నాడు. జూన్‌లో రెన్యువల్ కాగితం వచ్చింది. జవాబు రాకుండా ఏ బటనూ పచ్చబడకూడదు అని అందులో బసవరాజు ఒక షరతు చేర్పించాడు. దాన్ని ఏసుకుమార్ ఇప్పుడు కొత్తవాళ్ల దగ్గర తమ కంపెనీ గొప్పగా చెప్పుకుంటున్నాడని విని శిరీన్ నవ్వుకుంది.

ఆ రెన్యువల్ రాకముందే, ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం ఆమె అన్నం తింటుండగా ఈరక్క ఫోన్ చేసింది.

"పాపా, ఈ దినం నీళ్లే ముందొచ్చినాయి. నీ మెసేజ్ నాలుగు బిందెలు పట్టుకున్నంక వచ్చింది."

"నీళ్లు వచ్చినాయి గదక్కా, ఇంగేం?"

"వచ్చినాయిలే. చెప్పమంటివి గదా, చెప్పినా."

శిరీన్ పెద్దగా నవ్వి ఫోన్ పెట్టేసింది. చెయ్యి కడుక్కుని లాప్‌టాప్ తెరిచి, ఆ మెసేజ్ నాలుగు బిందెలసేపు ఎక్కడ ఆగిందో వెతకడం మొదలుపెట్టింది.